రూపాయికి రెండు అణాలు

పోయిన నెల మా చర్చి సంఘంలో ఆదివారపు బడి నడిపే అమ్మాయి ఇంటికి వచ్చింది. బ్యాంకులో పనిచేస్తుంది, మాట చురుకు. "అమ్మమ్మా, పైసలు ఎట్ల వాడుకోవాలె, ఎట్ల దాచుకోవాలె అని ఈ నెలంత పిల్లలకు చెప్తున్నం. మీరు గూడ వచ్చి పది నిమిషాలు చెప్పాలె. మీ బాపు మీకు ఎట్ల నేర్పిండో గదే చెప్పుండ్రి" అంది. సరేనన్నాను. ఆ అమ్మాయి వెళ్లిపోయాక భయం పట్టుకుంది. ఎనభైకి దగ్గరపడుతున్నదాన్ని, ఎన్నో కూటాల్లో సాక్ష్యం చెప్పినదాన్ని, పదిమంది పిల్లల ముందు నాలుగు మాటలకు ఎందుకింత జంకు అని నన్ను నేనే అడిగాను. జవాబు నాకు తెలుసు. మా బాపు నాకు డబ్బు గురించి నేర్పినదంతా ఒక సైరన్ కూతలో కలిసిపోయి ఉంది. ఒకటి తీస్తే రెండోది దానంతటదే వస్తుంది.

మాది బెల్లంపల్లికి నడిచిపోయే దూరంలో, ఒక బొగ్గుగని పక్కన పుట్టిన బస్తీ. గనిని మావైపు బాయి అంటారు. వరుసగా రెండేసి గదుల ఇళ్లు, ఇళ్ల ముందు రాక్షసి బొగ్గు కుప్పలు. సాయంత్రమైతే ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజుకునేది. ఆ పొగ గొంతులో గీసుకుపోయే కమురు వాసనతో ఆరేసిన బట్టల్లోకి, అన్నంలోకి, మా జడల్లోకి చేరేది. మా బాపు పేరు దావీదు. బాయిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని ఆయనది. బొగ్గు తీసిన చోటికి ముందుగా వెళ్లి నెత్తిమీది బండను ఇనుప కడ్డీతో తట్టి చెవి ఒగ్గి వినాలి. గట్టి చప్పుడు వస్తే మంచిది, డొల్ల చప్పుడు వస్తే అక్కడ కర్ర పడాలి. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. కొత్త కుండ తెచ్చినా, గుమ్మడికాయ తెచ్చినా, చెల్లుతుందో లేదో తెలియని రూపాయి చేతికొచ్చినా ముందు తట్టి వినేవాడు. సంఘంలో పెద్ద కూడా ఆయనే. ఆదివారం మా పాస్టరు అయ్యగారు పక్క ఊరి గుడికి పోతే మా గుడిలో వాక్యం బాపే చెప్పేవాడు.

మా ఇంట్లో డబ్బు పాఠం బియ్యంతో మొదలైంది. అవ్వ, మావైపు అమ్మను అలాగే పిలుస్తాం, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. అవి దేవుని బియ్యం. నెలకొకసారి ఆడవాళ్ల కూటానికి అందరూ తమ తమ కుండలు మోసుకెళ్లి ఒకే చాప మీద కుప్ప పోసేవాళ్లు. వాటిని అమ్మగా వచ్చిన పైసలు అయ్యగారి జీతానికి, గుడి దీపానికి. నాకు ఊహ తెలిసేసరికే అప్పుడప్పుడు ఆ పిడికెడు నా చేత తీయించేది అవ్వ. "నీ చెయ్యి చిన్నగున్నదని రెండుసార్లు తియ్యకు, ఒక్కటే. కాని నిండ తియ్యి" అనేది. ఇంట్లో నూకలే ఉన్న రోజు నూకల్లోంచే పిడికెడు తీసేవాళ్లం. మిగిలితే ఇద్దాం అనే మాట మా ఇంట్లో నేను వినలేదు. ముందు తీసి ఇవ్వడం, తరువాత ఉన్నదాంట్లో సర్దుకోవడం. ఆ క్రమం తెలిస్తే డబ్బు గురించి సగం తెలిసినట్టేనని నేను ఈనాటికీ నమ్ముతాను.

మిగతా సగం జీతం రోజున నేర్చుకునేవాళ్లం. ఆ రోజు మధ్యాహ్నం బాయి గేటు దగ్గర వడ్డీలకు ఇచ్చేవాళ్లు చేతికర్రలు పట్టుకొని నిలబడి ఉండేవాళ్లు. వాళ్ల మధ్య నుంచి తల దించుకోకుండా నడిచి వచ్చే కొద్దిమందిలో మా బాపు ఒకడు. ఇంటికి వచ్చి, స్నానం చేసి, చాప పరిచి, ఎనభై రూపాయలు మా కళ్ల ముందు పోసేవాడు. వీపు తిప్పి పైసలు లెక్కపెట్టకూడదనేది ఆయన మొదటి నియమం. ఎదురుగా మూడు రేకు డబ్బాలు: దేవుని డబ్బా, ఇంటి డబ్బా, రేపటి డబ్బా. లెక్క నేను పైకి చదవాలి. తప్పితే తిట్టేవాడు కాదు, మళ్లీ చదవమనేవాడు. నాకు వారానికి ఒక అణా ఇచ్చేవాడు. అంగడిలో ఏది చూసి మనసు పడినా ఆ రోజు కొనకూడదు, ఇంటికి వచ్చి వారం ఆగాలి, వారం తరువాత కూడా అదే కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోవాలి. ఆ వారంలో నా కోరికలు చాలావరకు వాటంతటవే చచ్చిపోయేవి.

పక్కింటి మల్లన్న, బాపుతో కలిసి బాయిలో దిగేవాడే, జీతం రోజున మా గడప మీద కూర్చొని ఈ తంతును వేడుకగా చూసేవాడు.

"ఏందన్నా, మీ దేవునికి గూడ బాయిల మస్టరున్నదా? నెలనెల జీతమిస్తున్నవ్!"

"ఆయన నాగాల్లేకుండ వస్తుండు మల్లన్నా, నీ లెక్క కాదు" అనేవాడు బాపు. మస్టరంటే హాజరు, నాగా అంటే పనికి రాని రోజు. మల్లన్నకు నెలలో సగం నాగాలే.

"సరే, పదోవంతు అంటివి. రూపాయిల పదోవంతంటే అణాన్నర మీద జరంత. నువ్వేమో రెండణాలు తీస్తున్నవ్. గా మిగిలింది ఎందుకు?"

"దేవునితోని చిల్లర పంచాయితీ ఎందుకన్నా?" అని బాపు నవ్వేవాడు. పదహారణాల రూపాయిని పది భాగాలు చేయడం ఎవరికీ కుదరదు. కుదరని చోట దేవుని వైపు మొగ్గు చూపడం బాపు పద్ధతి. రూపాయికి రెండు అణాలు, ఎనభై రూపాయలకు పది రూపాయలు. అది ఔదార్యమని మా సంఘమంతా చెప్పుకునేది. నేనూ అలాగే అనుకున్నాను.

తరువాత నయా పైసలు వచ్చాయి. రూపాయికి వంద. అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, పావలాకు ఇరవై ఐదు. ఎటు కలిపినా ఎక్కడో ఒక పైస తప్పిపోయేది. అంగట్లో కొట్లాటలు, బాయి గేటు దగ్గర కొట్లాటలు. అంత లెక్కగల మా బాపు చాప మీద కొత్త బిళ్లలు పోసుకొని బిత్తరపోయాడు. "పరేషానున్నది బిడ్డా, నాకిది సమజైతలేదు. బడిల మీకు చెప్పిండ్రు గద, ఈసారి నువ్వే పంచు" అన్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. బడిలో సారు నల్లబల్ల మీద రాసి చూపించాడు, రూపాయిలో పదోవంతు సరిగ్గా పది నయా పైసలని. మిగులు లేదు, తరుగు లేదు. ఎనభై రూపాయలకు ఎనిమిది. అది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. లేఖనం చెప్పిన పదోవంతు చివరికి కచ్చితంగా దొరికిందనుకున్నాను.

ఆ రోజు చాప మీద దేవుని డబ్బాలో ఎనిమిది వేశాను. ఇంటి డబ్బాలో ఎప్పటిలాగే అరవై, రేపటి డబ్బాలో పది. కొత్త బిళ్లల గందరగోళంలో బాపు ఆ రోజు లెక్క పైకి చదవమనలేదు, ఆ రెండు డబ్బాలను మాత్రమే చూసుకున్నాడు. దేవుని డబ్బాలోకి తొంగిచూడడం ఆయనకు అలవాటు లేదు. నా పిడికిట్లో రెండు రూపాయలు మిగిలాయి. ఇవి దేవునివి కావు, లెక్క ప్రకారం కావు. ఇంటివీ కావు, ఇంటికి అరవై వచ్చింది. ఎవరివీ కానివి ఉన్నాయనుకున్నాను. జీవితంలో మొదటిసారి వీపు తిప్పాను.

మరునాడు బడి నుంచి వస్తూ పుస్తకాల దుకాణంలో జామెట్రీ పెట్టె కొన్నాను. వారం ఆగలేదు, ఒక్క పూట కూడా ఆగలేదు. రేకు మూత మీద నీలం రంగు, లోపల మెరిసే వృత్తలేఖిని. ఇంట్లో దాన్ని ఎక్కడ దాచాలో తెలియక దేవుని బియ్యం కుండలో లోతుగా పూడ్చాను. అవ్వ రోజూ దాని మీద పిడికెడు వేస్తూనే ఉంది. నేను ఆ చేతిని చూడకుండా పొయ్యి వైపు చూసేదాన్ని.

ఆ ఆదివారం అయ్యగారు చెప్పిన వాక్యం నన్ను పట్టుకుంది. అపొస్తలుల కాలంలో ఒక భార్యాభర్తలు పొలం అమ్మి, కొంత దాచుకొని, అంతా ఇచ్చామని చెప్పి, అపొస్తలుని పాదాల దగ్గర పడి చచ్చిపోయారు. నేను గుడిలో కూర్చొని నా ఊపిరి లెక్కపెట్టుకున్నాను. పడిపోతానేమోనని చాపను రెండు చేతులతో పట్టుకున్నాను. పడలేదు. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో అసలు సంగతి తట్టింది. ఆ కథలో ముందు పడింది భర్త, సంపాదించినవాడు. ఈ జీతం బాపుది. పడితే బాపే పడాలి. ఆయన రోజూ నిలబడేది బండ కింద.

అప్పటి నుంచి నాకు తెల్లవారడమంటే భయం. మొదటి షిఫ్టుకు బాపు బయలుదేరేటప్పుడు లేచి కూర్చొని ఆయన వీపు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. బడిలో నల్లబల్ల మీద ఏం రాస్తున్నారో కనిపించేది కాదు. బాయిలో కర్ర విరిగేముందు సన్నగా మూలుగుతుందని బాపు ఒకసారి చెప్పాడు. ఇంట్లో తలుపు కిర్రుమన్నా నాకు ఆ మూలుగే వినిపించేది. అవ్వ జ్వరమేమోనని నుదురు పట్టి చూసి, మిరియాల కషాయం తాగించింది. చివరికి కుండలోంచి పెట్టె తవ్వి తీసి, బియ్యం దులిపి, దుకాణానికి పరుగెత్తాను.

షావుకారు మూత తీసి చూశాడు. "వాపసా? పెన్సిలు చెక్కి, గుండ్రాలు గీసుకొని, ఇప్పుడు వాపసు తెస్తవా పిల్లా? గుడ్డు వండుకొని తిని, పెంక తెచ్చి పైసలియ్యమన్నట్టున్నది."

"రెండు రూపాయలు వద్దు, ఒక్కటే ఇయ్యి."

"అద్ధ రూపాయి గూడ రాదు. గిదేంది, లోపట బియ్యం గింజలు? ఏడ దాచినవే?"

నేను పెట్టె లాక్కొని వచ్చేశాను. ఇక దారి లేదు.

ఆ తరువాత నాలుగో రోజో ఐదో రోజో, మధ్యాహ్నం బడి గంట కొట్టకముందే బాయి సైరన్ కూత వినిపించింది. షిఫ్టు కూతలు మా పిల్లలందరికీ నిద్రలో కూడా తెలుసు. ఇది వేళ కాని వేళ, ఆగి ఆగి, మళ్లీ మళ్లీ. సారు చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. మేమంతా బయటికి పరుగెత్తాం. దారి పొడవునా ఆడవాళ్లు, ఒకరి చేతికి పిండి, ఒకరి చంకలో సగం స్నానం చేయించిన పిల్ల. అందరూ ఒకే వైపు. ఎవరూ ఏడవడం లేదు. గేటు దగ్గర ఎవరో చెప్పారు, లోపల పైకప్పు జారిందని, ఐదుగురు అవతల చిక్కుకున్నారని, అందులో కర్రల దావీదు ఉన్నాడని.

అవ్వ గేటు ఇనుప కమ్మి పట్టుకొని నిలబడి ఉంది. నేను వెళ్లి ఆమె కొంగు పట్టుకున్నాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అవ్వా, నేనే. దేవుని పైసలు రెండు రూపాయలు నేనే తీసిన. పది వెయ్యలే, ఎనిమిదే వేసిన. బాపు నా వల్లనే…"

అవ్వ నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి మంచులా ఉంది. చుట్టూ చూసి, వంగి, చెవిలో చెప్పింది. "మీ బాపుకు చెప్పకు. బయటికొచ్చినంక గూడ చెప్పకు. గా రెండు రూపాయలు తక్కువైనయని ఎరుకైతే రేపటి సంది బాయిల కాలు పెట్టడు. ఆయన ఎందుకిస్తుండో నాకెరుకే." నాకేమీ అర్థం కాలేదు. 'బయటికొచ్చినంక' అన్న మాట ఒక్కటే పట్టుకొని నిలబడ్డాను. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అన్నప్పుడు నేను అనలేకపోయాను. నా గొంతు వింటే దేవునికి నేనెవరో గుర్తొస్తుందని భయం.

పొద్దు వాలుతుండగా గేటు తెరిచారు. నలుగురు ఒకరొకరుగా వచ్చారు. ఒకతనికి కాలు విరిగితే చెక్క పలక మీద మోసుకొచ్చారు. బాపు రాలేదు. అవ్వ కమ్మి పట్టుకున్న చేతి మీద నరాలు లేచాయి. మల్లన్న అటువైపు నుంచి పరుగెత్తుకొచ్చి, "వస్తుండొదినా, వస్తుండు! మిగిలిన కర్రలు సరిగ నిలబెట్టినంకనే వస్తనన్నడు, పిచ్చోడు!" అని అరిచాడు. ఆ అరుపు వెనకే బాపు కనిపించాడు. నల్లటి ముఖంలో కళ్లు మాత్రమే. అవ్వ చెంబుతో నీళ్లు అందించింది. ఆయన తాగలేదు, ముఖం మీద పోసుకున్నాడు. ఆ నీళ్లలో ఏడుపు కలిసిందో లేదో నాకు తెలియదు.

ఇంటికి వచ్చి వాకిట్లో బండ మీద స్నానానికి కూర్చున్నాడు. అవ్వ లోపల నీళ్లు కాగబెడుతోంది. చెప్పకూడదని ఆమె తలుపు సందులోంచి కళ్లతో మళ్లీ హెచ్చరించింది. కానీ చెప్పకుండా ఆయన ముందు నిలబడడం నా వల్ల కాలేదు. రెండు రూపాయలు, జామెట్రీ పెట్టె, బియ్యం కుండ, షావుకారు, అన్నీ చెప్పేశాను. బాపు వీపు రుద్దుకుంటున్న చెయ్యి ఆగింది.

"ఎన్నొద్దులైంది?"

"జీతం వచ్చిన నాడే."

"అంటే ఈ నెల పది పోలే. ఎనిమిదే పోయినయి."

"అవును బాపూ."

"గా రెండు రూపాయలు లేకుండనే నేను ఇయ్యాల బయటికొచ్చిన్నా?"

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. నేను దెబ్బ కోసం ఎదురుచూశాను. దెబ్బ పడి ఉంటే సులువుగా ఉండేది. ఆయన మెల్లగా, నేనొక పెద్దమనిషినైనట్టు మాట్లాడాడు. "బిడ్డా, నీ లెక్క సరైనదే. దేవునికి ఎనిమిదే. పన్నెండేండ్ల సంది నేను ఇంకో రెండు ఇస్తున్న గద, గది దేవునికి కాదు. నెత్తిమీది బండకు ఇచ్చుకున్న. జర ఎక్కువిస్తే పడదని. రోజు దిగేటప్పుడు లోపట గదే అనుకునుడు, ఈ నెలది ఇచ్చిన గద, ఇగ బండ పడదు, అని. సంఘంల నన్ను మెచ్చుకుంటుంటే సప్పుడు చెయ్యకుండ ఊకున్న. నీకంటె పెద్ద దొంగను నేనే."

లోపల అవ్వ చేతిలోని గిన్నె చప్పుడైంది. ఆయన ఆ వైపు చూసి, గొంతు మార్చాడు. "కాని నువ్వు చేసింది గూడ దొంగతనమే. దేవుని దగ్గర కాదు, మీ అవ్వ దగ్గర. గా రెండు రూపాయలు ఇంటియి. నీకిచ్చే వారం పైసలల్ల కట్టు. ఆరు పైసల చొప్పున ఎన్ని వారాలో నువ్వే లెక్క జెయ్." ముప్ఫై మూడు వారాలు, ఇంకా రెండు పైసలు. అన్నీ కట్టాను. జామెట్రీ పెట్టె నా దగ్గరే ఉంచుకోమన్నాడు.

ఆదివారపు బడికి వచ్చే ఇప్పటి పిల్లలకు లెక్క మాకంటే బాగా వచ్చు. ఫోనులో వేలు తాకిస్తే జీతం ఎక్కడికెక్కడికి పోవాలో పోతుంది. భయం మాత్రం అలాగే ఉంది, దానికి ధర కట్టేవాళ్లు ఎక్కువయ్యారు. ఇంత పంపితే ఇంత కాపుదల అని టీవీలో చెప్పే బోధకులను చూస్తాను. కొడుకు దుబాయి విమానం ఎక్కే ముందు మొక్కుబడి డబ్బు చీటీలో చుట్టి గుడికి తెచ్చే తల్లులను చూస్తాను. వాళ్లను చూసి నాకు నవ్వు రాదు. ఆ చెయ్యి నాకు తెలుసు, మా బాపు చెయ్యే అది. ఇవ్వడం మానమని నేను చెప్పను. పదోవంతు ఈనాటికీ నా పింఛనులోంచి ముందు తీస్తాను. ఇచ్చాక అదనంగా ఇంకొంత ఇవ్వాలని చెయ్యి పోతే, అది ప్రేమతో పోతోందా, భయంతో పోతోందా అని ఆగి వింటాను. చాలాసార్లు భయమే. దాన్ని పట్టుకోవడం లెక్కలన్నిటికంటే కష్టమైన లెక్క.

పైకప్పు జారిన ఆ నెల తరువాతి జీతం రోజు చాప మీద మళ్లీ ఎనభై రూపాయలు పోశాడు బాపు. దేవుని డబ్బాలో నేను ఎనిమిది వేసి పైకి చదివాను. ఆయన చెయ్యి మరో రెండు రూపాయల మీదికి వెళ్లి, కాసేపు అక్కడే నిలిచింది. బాపు చెయ్యి వెనక్కి తీసుకొని, ఆ రెండు రూపాయలు అవ్వ ముందుకు జరిపాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు. తెల్లవారి, అన్నం మూట చేత పట్టుకొని, బాపు గడప దగ్గర ఆగాడు. ఎప్పుడూ నిలబడి పొడవుగా ప్రార్థించే మనిషి మోకాళ్ల మీద కూర్చొని, "ప్రభువా, నాకు భయమైతుంది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అవ్వ వచ్చి పక్కన కూర్చొని అదే మాట అంది. నేనూ అన్నాను. తరువాత ఆయన లేచి, మోకాళ్లు దులుపుకొని, చీకటి ఇంకా పూర్తిగా విడవని దారిలో బాయి వైపు నడిచాడు.